కీ ఇచ్చారా?

మార్చి 3, ఆదివారం

అక్క రేపు వస్తోంది. కుడికంటికి శుక్లం ఆపరేషన్. వాళ్ళ ఊళ్ళోనూ చేస్తారు. కానీ ఇక్కడి డాక్టరు హస్తవాసి మంచిదని నేనే పట్టుబట్టి రమ్మన్నాను. అంత పట్టుబట్టిన పెద్దమనిషిని, పొద్దున్నుంచి ఆలోచిస్తున్నది మాత్రం అక్క కంటి గురించి కాదు. వాచీలాయన నిన్న ఫోన్ చేసి, మీరు అడుగుతూ ఉంటారే, నేత డయల్, అలాంటిది ఒకటి చేతికొచ్చేలా ఉంది అన్నాడు. అప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు.

వద్దు. ఉన్న వాచీలు చాలు. ఇంక కొననని మా ఆవిడకి మాటిచ్చాను. ఆ మాట ఇచ్చి ఎన్నాళ్ళో కాలేదు.

పొద్దున అన్నిటికీ కీ ఇచ్చాను. ఇసుక, మంచు, చాప, బియ్యపుగింజ. డయల్ మీది గరుకును బట్టి నేను పెట్టుకున్న పేర్లు. అన్నీ పల్చటివి, రూపాయి బిళ్ళంత మందం, చొక్కా చేతి కింద నోరు మూసుకుని కూర్చునే రకం. తిన్నగా చూస్తే అన్నీ ఉత్త తెల్ల ముఖాలే. కిటికీ దగ్గర కాస్త వాల్చి పట్టుకుంటేనే ఒక్కోదాని నేత, ఒక్కోదాని నలుగుడు పైకి తేలతాయి. పగలంతా కాగితాల కంపెనీలో నమూనాలు తడిమి ఏది గరుకో ఏది నునుపో చెప్పేవాడికి ఇంకే పిచ్చి పడుతుంది? కీ తిప్పుతుంటే బొటనవేలి కింద లోపలి పళ్ళు ఒక్కొక్కటే కదలడం తెలుస్తుంది. ఇంక చాలని అదే ఆగుతుంది. ఆ కాసేపూ నన్ను ఎవరూ ఏమీ అడగరు, మా ఆవిడ తప్ప. వంటింట్లోంచి రోజూ అదే ప్రశ్న, "కీ ఇచ్చారా?" అని. ఇచ్చాననగానే, పిల్లల పని అయిపోయిందిగా, ఇంక మా వైపు కూడా చూడండి అంటుంది. నవ్వుతూనే అంటుంది.

మార్చి 4, సోమవారం

అక్క వచ్చింది. బస్సు దిగుతూనే, ఎందుకురా అంత చిక్కిపోయావు అంది. ఈ మనిషికి చూపు మందగించిందని ఎవరన్నారో.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. పెళ్ళి చేసుకోలేదు. అప్పటినుంచీ ఆ ఒక్క మందుల షాపులోనే పని. డాక్టర్లు గీసే కోడిగీతలు వాళ్ళకే అర్థం కావు గానీ అక్కకి అవుతాయి. చీటీ మీద ఒకసారి చదువుతుంది, డబ్బా తీశాక చదువుతుంది, కవర్లో వేసేముందు మళ్ళీ చదువుతుంది. కొనేవాళ్ళు విసుక్కున్నా పట్టించుకోదు. భోజనాల దగ్గర మా ఆవిడతో ఏదో మాట మీద అంది, "ఇన్నేళ్ళలో నా చేతిమీదుగా తప్పు మాత్ర ఒక్కటి వెళ్ళలేదమ్మా. నాకున్న ఆస్తి అదే."

కన్ను మసకేసినప్పటినుంచి కౌంటర్ దగ్గర నిలబడాలంటే భయమేస్తోందట. అందుకే ఆపరేషన్‌కి ఒప్పుకుంది. చూపు వస్తే ఇంకో పదేళ్ళు లాగించేస్తానంటోంది.

మార్చి 5, మంగళవారం

ఆపరేషన్ బాగా జరిగింది. లోపలికి తీసుకెళ్ళినప్పటినుంచి బయటికి తెచ్చేదాకా నేను అక్కడే ఉన్నాను. రేపు కట్టు విప్పుతారు.

మార్చి 6, బుధవారం

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

కట్టు విప్పించడానికి అక్కని నేను తీసుకెళ్ళాలి. పొద్దున్నే వాచీలాయన ఫోన్. ఇంకొకాయన కూడా చూడ్డానికి వస్తున్నాడు, మీరు ముందొస్తే మీకే అన్నాడు. ఆఫీసులో అర్జెంటు పని పడిందని ఇంట్లో చెప్పాను. అక్క వెంటనే, నేనేం చంటిపిల్లనా, టాక్సీలో వెళ్ళి టాక్సీలో వస్తాను, నువ్వు వెళ్ళు అంది. మా ఆవిడకి స్కూల్లో పరీక్షలు, సెలవు దొరకదు. ఆవిడ వెళ్తూ వెళ్తూ ఇంటి రెండో తాళంచెవి నా చేతిలో పెట్టి, వదిన తిరిగొచ్చేసరికి ఇంట్లో ఎవరం ఉండం, తన బ్యాగులో వేయండి, మర్చిపోకండి అంది. చొక్కా జేబులో వేసుకున్నాను. అక్క గదిలోంచి రాగానే ఇద్దామనే. అక్క వచ్చింది, టాక్సీ వచ్చింది, తలుపు తీసి కూర్చోబెట్టాను, జాగ్రత్త అన్నాను. తాళంచెవి జేబులోనే ఉంది. నా మనసప్పటికే వాచీలాయన మేడమెట్లు ఎక్కుతోంది.

అది ఎలా ఉందో రాయకుండా ఉండలేను, సిగ్గులేని చెయ్యి. పాలమీగడ రంగు డయల్, దాని మీద అడ్డం నిలువు సన్నటి పోగులు, ఎవరో చిన్న మగ్గం పెట్టి నేసినట్టు. సెకన్ల ముల్లు కూడా లేదు. కిటికీ దగ్గర వాలిస్తే పోగులు లేచాయి, తిప్పితే అణిగాయి. కీ ఇచ్చి చూడండి అన్నాడాయన. ఇస్తున్నాను. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. మా ఆవిడ.

"కీ ఇచ్చారా?" అంది.

చుట్టూ చూశాను, ఇక్కడున్నానని ఈవిడకెలా తెలిసిందని. వేళ్ళ మధ్య కీ అలాగే ఉంది. తర్వాత తట్టింది, రోజూ అనే మాటేగా, స్కూల్లో ఖాళీ దొరికి ఆట పట్టిస్తోందని. "ఇచ్చాను" అన్నాను. సరే అని పెట్టేసింది. నేను బతికిపోయాననుకున్నాను.

అక్కణ్ణుంచి ఆఫీసుకి వెళ్ళాను. సాయంత్రం ఇంటికొస్తే మెట్ల మీద అక్క. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మా తలుపు ముందు ఆఖరి మెట్టు మీద గోడకి ఆనుకుని ఉంది. బ్యాగులోవన్నీ పక్కన రుమాలు మీద పరిచి ఉన్నాయి. దువ్వెన, చుక్కలమందు, ఆస్పత్రి కాగితాలు. మధ్యాహ్నం నుంచీ అక్కడే. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరు. ఫోన్ చెయ్యొచ్చుగదా అంటే, నీకేదో అర్జెంటు పనుందన్నావుగా, ఆ పిల్లకేమో పరీక్షలాయె, ఎందుకు విసిగించడమని ఊరుకున్నానంది. కన్ను నీళ్ళు కారుతోంది. మా ఆవిడ నాకంటే ఒక్క అడుగు ముందు వచ్చినట్టుంది, బ్యాగు ఇంకా భుజానే ఉంది.

"కీ ఇచ్చానన్నారుగా?" అంది.

అప్పుడు అర్థమైంది. అర్థమై కూడా నోరు తెరిచి ఏమన్నానంటే, "ఇచ్చానుగా. ముందు అరలో వేశాను" అన్నాను.

అబద్ధం చెప్తే చెప్పాను, దానికి ఒక అర కూడా ఎందుకు కుట్టానో తెలియదు. అక్క ముందు అర జిప్పు తీసి మళ్ళీ తడిమింది. "వాడు వేసే ఉంటాడమ్మా. టాక్సీలో రుమాలు తీసినప్పుడు పడేసుకున్నానేమో. నా మతి మండా" అంది. తల కొట్టేసినట్టయింది. రెండు తాళంచెవులూ నా దగ్గరే ఉన్నాయి. నాదానితో తలుపు తీశాను.

మార్చి 7, గురువారం

ఆవిడ తాళంచెవి అని ఉంటే నాకు తెలిసేది. చేతిలో పెట్టినప్పుడు తాళంచెవి అనే అంది. ఫోన్లోనే కీ అంది. ఎందుకు కీ అనాలి? రోజూ ఒకదానికి వాడే మాట ఇంకోదానికి వాడితే ఎవరైనా పొరబడతారు. ఇందులో నా తప్పు సగమే.

ఆఫీసులో అంచులు కత్తిరించిన కాగితపు ముక్కలు గోతాల్లో నింపి గుజ్జు మిల్లుకి పంపిస్తాం. ఆ రెండో తాళంచెవి ఒక గోతంలోకి జారవిడిచాను. ఇప్పుడు ఏ జేబులోంచో దొరికితే అందరికీ బాధ. దొరక్కపోతే పోయినట్టే, ఎవరికీ ఏమీ కాదు. సాయంత్రం కొత్తది చేయించుకొచ్చాను. ఎంత త్వరగా చేయించారో అని మా ఆవిడ మెచ్చుకుంది.

మార్చి 8, శుక్రవారం

అక్క ఇంకా బ్యాగు వెతుకుతోంది. ఆస్తర్ చిరుగు పట్టిందేమోనని లోపల చెయ్యి పెట్టి చూస్తోంది.

మార్చి 10, ఆదివారం

ఇంతకంటే దిగజారడం కుదరదని బుధవారం అనుకున్నాను. కుదిరింది.

అక్క చూపు బ్రహ్మాండంగా వచ్చింది. పొద్దున గోడని చూసి, ఇన్నాళ్ళూ ఇది పసుపు అనుకున్నానే, ఇంత తెలుపా అని చిన్నపిల్లలా మురిసిపోయింది. మా ఆవిడ, అయితే వదినా, ఆ కంటితో ఆయన పిల్లల్ని చూడండి అని నా పెట్టె తెచ్చి ముందు పెట్టింది.  నేతని ఆ పెట్టెలోనే పెట్టాను. తెల్లవాటిలో తెల్లది, ఆవిడకి అన్నీ ఒకటే, దాచడానికి అంతకంటే మంచి చోటు ఏముంటుందని.

అక్కకి అన్నీ ఒకటి కావు. ఒకేలా ఉండే మాత్రల రేకుల్ని విడదీసే కన్ను అది. ఒక్కోదాన్ని వెలుగుకి పెట్టి, ఇది ఇసుక, ఇది చాప అని గుర్తుపట్టుకుంటూ వచ్చింది. నేత దగ్గర ఆగింది. దాని మీద వేలు పెట్టి, "ఇది కొత్తదా? పోయినసారి లేదే" అంది.

మా ఆవిడ నావైపు తిరిగింది.

"పాతదే అక్కా" అన్నాను. "పోయినసారి చూపించాను. నేత అని పేరు పెట్టింది కూడా నువ్వే."

మళ్ళీ అదే. అబద్ధానికో అర. అక్క ముఖంలో నవ్వు అలాగే ఉండి, మెల్లగా పోయింది. "నేనా?" అంది. నేను పెట్టె సర్దుతున్నాను. "పెట్టే ఉంటాను" అని తనే అనుకుంది. మా ఆవిడ నావైపు చూడ్డం మానేసి అక్క వైపు జాలిగా చూసింది. ఆ చూపు నామీద నుంచి తప్పుకోగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ లేచొచ్చిన ప్రాణాన్ని తలుచుకుంటే ఇప్పుడు రోత పుడుతోంది.

మార్చి 12, మంగళవారం

అక్క షాపు యజమానికి ఫోన్ చేసి, ఇంక పనికి రానని చెప్పేసింది.

హాల్లో కూర్చుని చెప్పింది, నేను వార్తలు చూస్తున్నట్టు నటిస్తున్నాను. ఆయన ఏదో బతిమాలుతున్నాడు. అక్క గొంతు ఎక్కడా వణకలేదు, ఎదుటివాళ్ళకి మందు ఎలా వేసుకోవాలో చెప్పే గొంతు అది. ఫోన్ పెట్టాక మా ఆవిడ, అదేమిటి వదినా, చూపు వచ్చాక ఇప్పుడు మానేయడమేమిటి, ఒక తాళంచెవి పోతే ఇంత పని చేస్తారా అని పక్కన కూర్చుంది.

"తాళంచెవి పోతే పోయిందమ్మా, ఎవరికైనా పోతుంది. నేను పేరు పెట్టిన వస్తువు నాకే గుర్తు లేదు చూడు, అదీ భయం. రేపు ఒకళ్ళ మాత్ర ఇంకొకళ్ళకి ఇచ్చి, ఇచ్చిన సంగతి కూడా మర్చిపోతే? చూపు పోయిందనుకుంటే ఆపరేషన్ ఉంది. దీనికేముంది?"

నేను లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

మార్చి 13, బుధవారం

చెప్పాలి.

మార్చి 14, గురువారం

చెబుదామని ఇంటికి త్వరగా వచ్చాను. అక్క పడుకుని ఉంది. లేపడం ఎందుకని.

నిజానికి అక్క ఎన్నాళ్ళని అలా రోజంతా నిలబడుతుంది? మోకాళ్ళు నొప్పులంటుంది. ఇకనైనా కాస్త విశ్రాంతి. ఒకరకంగా చూస్తే మంచికే జరిగిందేమో.

పై నాలుగు ముక్కలూ రాసింది నేనే. కొట్టేయను. ఎలాంటివాణ్ణో కనిపించాలి.

మార్చి 15, శుక్రవారం

పొద్దున అన్నిటికీ కీ ఇచ్చాను. మా ఆవిడ అడగలేదు. అక్క పక్కగదిలో ఉంటే ఆ మాట అనడం మానేసింది, తాళంచెవి గుర్తొచ్చి నొచ్చుకుంటుందని.

మార్చి 16, శనివారం

చెప్పేశాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దర్నీ కూర్చోబెట్టి, మొదలుపెట్టాను, ఇంక ఆగలేదు. ఆఫీసులో పనేమీ లేదన్నాను. వాచీ కొనడానికి వెళ్ళానన్నాను. తాళంచెవి నా జేబులోనే ఉండిపోయిందని, ఫోన్లో అడిగిన కీ వాచీ కీ అనుకున్నానని, మెట్ల దగ్గర నోటికొచ్చింది అనేశానని, నేత ఆ బుధవారమే కొన్నానని, అక్క దాన్ని ఎప్పుడూ చూడలేదని, పేరు పెట్టింది నేనేనని. అన్నీ చెప్పాను. ఏడ్చాను కూడా. నీ మతికి ఏమీ కాలేదక్కా, షాపుకి ఫోన్ చేసి వస్తానని చెప్పు అన్నాను.

అక్క చివరిదాకా విన్నది. లేచి వచ్చి నా పక్కన కూర్చుని, నా తల నిమిరింది.

"ఎంత ఆలోచించావురా నాకోసం" అంది.

నాకు అర్థం కాలేదు. "నిజం అక్కా" అన్నాను.

"తాళంచెవి ఏదీ మరి?"

పారేశానన్నాను. కాగితాల గోతంలో వేశానన్నాను. అక్క తల అడ్డంగా ఊపి, చిన్నపిల్లాడి కథ విన్నట్టు నవ్వింది. ఇంటి తాళంచెవి ఎవరైనా గోతంలో వేస్తారా అంది. అప్పుడు వాచీలాయనకి ఫోన్ కలిపి, స్పీకర్లో పెట్టి, నేను ఎప్పుడు కొన్నానో మీరే చెప్పండి అన్నాను. బుధవారం పొద్దున అని ఆయన గడగడా చెప్పాడు. పాపం, ఆయనతో కూడా చెప్పించావా అంది అక్క.

వాదించాను. గొంతు పెంచాను కూడా. అక్క చాలాసేపు ఓపిక పట్టి, చివరికి నా చెయ్యి పట్టుకుని అంది. "ఒరేయ్, నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, తప్పు నామీదే వేసి, పది రోజులు చూస్తూ ఊరుకునేవాడివా నువ్వు? నిన్ను నేను పెంచాను. నాకు మతిమరుపు వస్తే రానీ. నాకోసం నువ్వు అబద్ధాలు నేర్చుకోకు."

మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. తర్వాత వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే వెనక నిలబడ్డాను. నువ్వైనా నమ్మావా అని అడిగాను.

"నేను మొదటి మాటకే నమ్మాను" అంది, ఇటు తిరగకుండానే. "వదినకి మీమీద ఉన్న నమ్మకంలో సగం నాకున్నా నమ్మేదాన్ని కాదు."

మార్చి 17, ఆదివారం

అక్క వెళ్ళిపోయింది. మా ఆవిడ కూడా అక్కకి చెప్పి చూసింది, ఆయన చెప్పింది నిజమే వదినా అని. నువ్వూ నీ మొగుడూ కలిసి నన్ను బుజ్జగించకండి అందట. బస్సు కిటికీలోంచి, వాడినేమీ అనకమ్మా, మంచి ఉద్దేశంతోనే చేశాడు అంది ఆవిడతో.

మార్చి 20, బుధవారం

షాపు యజమానికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. పరాయివాడికి చెప్పడం సులువే. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "నేను మళ్ళీ మళ్ళీ పిలిచానండీ. మా తమ్ముడు ఫోన్ చేస్తాడు, నాకోసం ఏదో కథ చెప్తాడు, నమ్మకండి అని మీ అక్కగారు ముందే చెప్పారు" అన్నాడు. ఆయన ఎవర్ని నమ్మాడో అడగలేదు. అడగడానికి ముఖం చెల్లలేదు.

కౌంటర్‌కి కొత్త మనిషిని పెట్టుకున్నారట.

మార్చి 24, ఆదివారం

నేతని వాచీలాయనకి తిరిగి ఇచ్చేశాను. మిగతావి కూడా తీసుకోమన్నాను. ఏమైందండీ అన్నాడు. ఏమీ లేదన్నాను. ఇచ్చేస్తే ఏదో తగ్గుతుందనుకున్నాను. మెట్లు దిగుతుంటే చేతులు తేలికయ్యాయంతే.

ఇంట్లో చెబితే మా ఆవిడ, ఎవరు ఇవ్వమన్నారు అంది. అదీ నిజమే.

ఏప్రిల్ 2, మంగళవారం

పోయిన వారం నుంచి అక్క రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తోంది. ఒకప్పుడు వారానికోసారి చేసేది, అదీ నన్ను తిట్టడానికి. ఇప్పుడు తిట్లు లేవు. కంట్లో చుక్కలు వేసుకోగానే, వేసుకున్నాను తమ్ముడూ అని చెప్పి పెట్టేస్తుంది. ఎందుకు చెప్తోందో మొదట్లో తెలియలేదు.

ఇవాళ రెండోసారి చేసింది. ఆఫీసులో నమూనాల బల్ల దగ్గర ఉన్నాను.

"పొద్దున చుక్కలు వేసుకున్నానని నీకు చెప్పానా?" అంది. ఊరంతటి మందులు గుర్తుపెట్టుకున్న మనిషి.

చెప్పావక్కా అన్నాను. నీకు గుర్తుండే ఉంటుంది, ఒకసారి ఆలోచించు, అన్నాను.

"గుర్తున్నట్టే ఉంది. కానీ నాకు గుర్తుంటే ఏం లాభంలే" అంది. "నువ్వు చెప్పావుగా, ఇంక అనుమానం లేదు."